బ్యాటరీ ట్రేకు పట్టిన తుప్పు: విప్పడం, కడగడం, మళ్ళీ బిగించడం

మా బాపు నడిపిన మోటారు సైకిలు నా చేతికి వచ్చిన ఏడాది, సైడ్ కవర్ విప్పి చూస్తే బ్యాటరీ కింది ట్రే మూలలు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. ఉప్పుకాగితంతో గీకి, నల్లరంగు రెండు కోట్లు వేసి పని అయిందనుకున్నాను. ఒక్క వానాకాలం గడిచేసరికి ఆ రంగు బొబ్బలెక్కి, గోటితో తాకితే అట్టలుగా ఊడివచ్చింది. హనుమకొండలో ములుగు రోడ్డు పక్కన షెడ్డు నడిపే ఒక పెద్దమనిషి దాన్ని వేలితో రుద్ది చూసి, "ఇది నీళ్ళ తుప్పు గాదు తమ్మీ, యాసిడ్ తుప్పు. సోడాతోని కడగకుంట ఎన్ని రంగులేసినా నిలువదు" అన్నాడు. ఈ పనిలో అన్నిటికంటే ముందు గ్రహించవలసిన సంగతి అదే.

నీళ్ళు పోసే రకం బ్యాటరీలో ఉండేది పలుచని గంధకామ్లం. చార్జింగు సమయంలో వాయువులతో పాటు ఆ ఆమ్లపు తుంపర కూడా పక్కనున్న సన్నని గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ గొట్టం ఊడినా, మడతపడినా, కొన ట్రే మీదనే ఆగినా తుంపర రేకు మీద పడి రంగు కిందికి చేరుతుంది. మే నెల ఎండలకు నీరు ఇంకిపోయిందని బ్యాటరీ మీది పై గీత దాటేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసినా అదే జరుగుతుంది, ఎందుకంటే చార్జింగులో పొంగిన ద్రవానికి లోపల చోటు చాలదు. మన దిక్కు బండ్లకు మరొక కారణం కూడా ఉంది. నర్సంపేట, పరకాల వైపు రైతులు యూరియా బస్తాలను బండి మీదనే పొలానికి తీసుకుపోతారు. రాలిన ఎరువు గింజలు తేమను పీల్చుకొని, సందుల్లో చేరిన చోట ఇనుమును తొందరగా తినేస్తాయి. నీళ్ళు పోయనక్కరలేని సీల్డ్ బ్యాటరీ ఉన్న బండిలో ట్రే తుప్పు పట్టిందంటే ముందు ఎరువునూ బురదనూ అనుమానించాలి.

పనికి కూర్చునే ముందు రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. దగ్గరలో బీడీ గానీ మంట గానీ ఉండరాదు. చార్జింగు అయిన బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇంజను ఆపి, మొదట మైనస్ వైరునూ తరువాత ప్లస్ వైరునూ విప్పాలి. ఈ క్రమం తప్పి ప్లస్‌తో మొదలుపెడితే, పానా జారి ఛాసిస్‌ను తాకిన క్షణంలోనే షార్టు అవుతుంది. గొట్టం ఏ దారిన పోతున్నదో ఫోనులో ఒక ఫొటో తీసుకొని, బ్యాటరీని వంచకుండా నిలువుగానే పైకి తీసి పక్కన పెట్టాలి.

ట్రేను విప్పకముందే అక్కడికక్కడ ఆమ్లాన్ని చంపాలి. అర లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి, పాత పళ్ళ బ్రష్‌తో మూలమూలకూ పట్టించాలి. ఆమ్లం మిగిలిన చోట బుసబుసమని నురగ వస్తుంది. నురగ చల్లారాక మళ్ళీ పోయాలి. మూడోసారి పోసినా నురగ రాకపోతేనే శుభ్రమైనట్టు. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి మాత్రం ఒక్క చుక్క కూడా పోరాదు. ఆ తరువాత మంచినీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టాలి.

చాలా బండ్లలో ట్రేను పట్టుకొని ఉండేవి పది నంబరు పానా పట్టే బోల్టులు. తుప్పుతో బిగుసుకున్న వాటి మీద తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేస్తే మరునాటికి పని సగం తేలికవుతుంది. విప్పేటప్పుడు మొదట కొద్దిగా బిగింపు వైపు కదిలించి, తుప్పు పొర విరిగిన తరువాత వెనక్కి తిప్పాలి. తల తెగితే కంగారు పడనక్కరలేదు: మధ్యలో పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ముందు సన్నని డ్రిల్లుతోనూ తరువాత 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతోనూ తొలిచి, 6 మిల్లీమీటర్ల ట్యాపుతో మర వేయించవచ్చు. ట్రేను ఫ్రేముకు వెల్డింగు చేసి ఉంటే విప్పే ప్రయత్నమే వద్దు. వైర్లకు పాలిథిన్ చుట్టి అక్కడే శుభ్రం చేయాలి.

బయటికి వచ్చిన ట్రేను తీగ బ్రష్‌తో గీకి, స్క్రూడ్రైవరు కొనతో అంతటా పొడిచి చూడాలి. కొన దిగబడిన చోట రేకు మిగలలేదని అర్థం. చిల్లులు ఒకటి రెండే ఉంటే కుళ్ళిన భాగాన్ని కోసి ఒకటిన్నర మిల్లీమీటరు రేకు అతికించవచ్చు. అడుగంతా జల్లెడైతే కొత్త ట్రే కొనడమే మంచిది, ఎందుకంటే గతుకుల రోడ్డు మీద బ్యాటరీ బరువును అది మోయలేదు. వెల్డింగు ఫ్రేము మీదనే చేయవలసి వస్తే బ్యాటరీతో పాటు పెట్రోలు ట్యాంకునూ ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే సీడీఐ పెట్టెనూ కూడా తీసి దూరంగా పెట్టించాలి. కంచు గిన్నెల్లాగా చింతపండుతో తోమే అలవాటు కొందరికుంది. తుప్పు పోతుంది గానీ పులుపు సందుల్లో నిలిచి మళ్ళీ తింటుంది. దానికంటే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్ నయం. అది మిగిలిన తుప్పును నల్లని గట్టిపొరగా మారుస్తుంది.

ఆ పొర ఎండాక ప్రైమరు ఒక కోటు, దాని మీద రంగు రెండు కోట్లు వేయాలి. ఎనామిల్ కంటే రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ రంగు ఆమ్లానికి బాగా ఆగుతుంది. కంటికి కనబడని అడుగు వైపే ముందు వేయండి. శ్రావణంలో గాలి తేమగా ఉంటుంది కనుక పైకి ఎండినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగాలి. నీరు పోయే రంధ్రం రంగుతో మూసుకుపోకుండా చూసుకోవాలి. బ్యాటరీ కింద పాత ట్యూబు నుండి కోసిన రబ్బరు ముక్కను, ఆ రంధ్రానికి సరిగ్గా చిల్లు పెట్టి పరచాలి.

బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తరువాత. టెర్మినళ్ళకు వాజ్‌లీన్ రాసి, గొట్టం కొనను చెయినుకు తగలకుండా ఫ్రేము కిందికి దించాలి. చివరగా ఇంజను కాస్త రేజ్ చేసి బ్యాటరీకి వోల్టు మీటరు పెడితే 12 వోల్టుల బండిలో 14, 14.5 వోల్టుల దగ్గర ఉండాలి. 15 దాటితే చార్జింగును అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడిపోయి బ్యాటరీని ఉడికిస్తున్నదన్నమాట. దాన్ని మార్చనిదే కొత్త రంగుకు మళ్ళీ ఆమ్లం తప్పదు. నెల తిరిగాక సైడ్ కవర్ తీసి, టార్చి వేసి గొట్టం దిగే మూలను చూడండి. అక్కడ తెల్లపొడి గానీ తడి గానీ ఉంటే ఆ రోజే సోడానీళ్ళు పట్టించి, గొట్టాన్ని మార్చండి.