ఆషాఢపు గాలిలో ఎయిర్ రైఫిల్ పోటీ: తోటలో ఏర్పాటు, గాలికి గురి

చిత్తూరు, తిరుపతి పరిసరాల్లో నైరుతి రుతుపవనాల నెలల్లో, ముఖ్యంగా ఆషాఢంలో, పొద్దెక్కేకొద్దీ పడమటి గాలి బలపడుతుందని ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తోతాపురి కోత ముగింపుకు వచ్చి, గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు మోసే లారీల రద్దీ తగ్గి, తోటలు ఖాళీ అయ్యేదీ దాదాపు ఆ రోజుల్లోనే కాబట్టి, ఆదివారం పూట మిత్రులు కొందరు కలిసి ఎయిర్ రైఫిల్ పోటీ పెట్టుకోవాలనుకుంటే స్థలమూ గాలీ రెండూ ఒకేసారి దొరుకుతాయి. గాలి లేని రోజు కోసం ఆగేకంటే, గాలిలోనే ఎలా కాల్చాలో నేర్చుకుని, దానికి తగ్గట్టు పోటీ నియమాలను మార్చుకోవడం మేలని నా అనుభవం.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆట నాలుగు గోడల మధ్య ఆడేది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచినదీ, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినదీ ఈ విభాగంలోనే. అందువల్ల ఈ ఆట శిక్షణలో శ్వాస, నిలకడ, ట్రిగ్గర్ గురించి ఉన్నంత వివరంగా గాలి గురించి ఉండదు. ఆరుబయట మాత్రం ముందుగా తెలుసుకోవలసింది గాలినే.

గాలి ఎంత జరుపుతుందో ముందు అంకెల్లో చూద్దాం. పోటీ రైఫిల్‌లో వాడే 4.5 మిల్లీమీటర్ల చదునుతల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బరువు సుమారు అర గ్రాము, వేగం సెకనుకు 170 మీటర్ల దాపు. గంటకు 10 కిలోమీటర్ల గాలి పక్కనుంచి అడ్డంగా వీస్తే, లెక్క ప్రకారం 10 మీటర్ల దూరంలో ఆ పెల్లెట్ సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. వినడానికి ఇది చిన్నదే. కానీ అంతర్జాతీయ రైఫిల్ టార్గెట్ మొత్తం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు, ఒక వలయానికీ మరో వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఏ తప్పూ లేకుండా కాల్చిన పది మార్కుల గుండు, గాలి కారణంగా ఎనిమిదికో ఏడుకో పడిపోతుంది. దూరం రెట్టింపైతే జరుగుడు రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగింతలవుతుంది. 20 మీటర్ల దగ్గర అదే గాలికి అది 3 సెంటీమీటర్లు దాటవచ్చు.

ఈ కారణంగా, ఆరుబయట 20 మీటర్ల దూరం పెట్టుకునేవారు రైఫిల్ టార్గెట్‌ను పక్కనపెట్టి, 155.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే ఎయిర్ పిస్టల్ టార్గెట్‌ను వాడితే మంచిది. దాని వలయాల మధ్య 8 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి కొత్తవారికి కూడా ప్రతి గుండూ కాగితం మీద కనిపిస్తుంది. తన గుండు ఎక్కడ పడిందో తెలియనివారు గాలిని నేర్చుకోలేరు.

స్థలమూ దిక్కూ

తోటలో మామిడి వరుసల మధ్య 10 మీటర్ల ఎడం ఉంటే నాలుగు లేన్లు (ఒక్కొక్కరు కాల్చే వరుసలు) హాయిగా పడతాయి. టార్గెట్ల వెనుక మట్టి గట్టు, చెరువు కట్ట, లేదా కొండ వాలు తప్పనిసరిగా ఉండాలి. ఎయిర్ రైఫిలే కదా అనుకోరాదు. తప్పిపోయిన పెల్లెట్ కొన్ని వందల మీటర్లు పోగలదు. తోటలకు కాపలావాళ్లు, మేకలు మేపేవాళ్లు, కట్టెలకు వచ్చేవాళ్లు ఏ దారిన వస్తారో తోట యజమానిని అడిగి తెలుసుకుని, ఆ దారుల్లో ఒక మనిషిని కాపలా ఉంచాలి. శేషాచలం అడవి అంచు తోటలను నేను ఎంచుకోను. ఎయిర్ గన్‌తో పిట్టలను కొట్టడం చట్టరీత్యా నేరం, అడవి పక్కన తుపాకీతో కనిపించినవారిని అటవీ సిబ్బంది అనుమానించడంలో తప్పూ లేదు.

దిక్కు విషయంలో ఒక చిక్కు ఉంది. పడమటి ముఖంగా కాల్చే ఏర్పాటు చేస్తే ఉదయపు ఎండ కాల్చేవారి వీపున పడి, టార్గెట్ మీద వెలుగు చక్కగా ఉంటుంది, గాలి ఎదురుగా వస్తుంది కాబట్టి పక్కకు జరుపుడూ తక్కువే. అందుకని మొదటిసారి మేము అలాగే పెట్టాము. తీరా చూస్తే, ఎదురుగాలి ముక్కుసూటిగా రానే రాదు. కాస్త కుడికి, కాస్త ఎడమకు ఊగుతూ వస్తుంది. సరిగ్గా ఎదురుగా ఉన్న గాలి 30 డిగ్రీలు పక్కకు తిరిగితే చాలు, పూర్తి అడ్డగాలి చేసే జరుపుడులో సగం వచ్చేస్తుంది. మరుక్షణం అది రెండో పక్కకు తిరిగితే గుండు కూడా రెండో పక్కకు పోతుంది. అదే నిలకడగా వీచే అడ్డగాలి 30 డిగ్రీలు అటూ ఇటూ అయినా జరుపుడులో పెద్ద తేడా రాదు. అందువల్ల గురి కుదిరినవారికి ఉత్తరం ముఖంగా, అంటే ఎడమ చేతి వైపు నుంచి గాలి తగిలేలా పెట్టిన లేన్లే న్యాయమైనవి. కొత్తవారు ఎక్కువగా ఉంటే పడమటి ముఖమే ఉంచవచ్చు, కంటిలో దుమ్ము పడకుండా అద్దాలు ఎలాగూ పెట్టుకుంటారు.

టార్గెట్ చట్రాలను కొబ్బరి తాళ్లతో చెట్లకు కట్టకూడదు, కొమ్మతో పాటు ఊగుతాయి. పాత నూనె డబ్బాలో సిమెంటు పోసి నిలబెట్టిన కర్ర మీద చట్రం బిగిస్తే కదలదు. నిలబడి కాల్చేవారికి టార్గెట్ కేంద్రం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి. కాగితాన్ని పై మూలల్లో రెండు క్లిప్పులతో మాత్రమే బిగించడం నేను చేసిన తప్పు. గాలికి కింది అంచు లేచి, పెల్లెట్ వాలుగా తగిలి, చిల్లు కోలగా చిరిగి, అది ఎనిమిదా తొమ్మిదా అన్న తగాదా టిఫిను దాకా సాగింది. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టాలి, లేదా మైదా బంకతో అట్టకు పూర్తిగా అంటించాలి. వెనుక, పాత గుడ్డలు దట్టంగా కూరిన చెక్కపెట్టె పెట్టి, దాని వెనుక పలకగా మందమైన ప్లైవుడ్ బిగిస్తే పెల్లెట్లు అందులోనే ఆగుతాయి.

గాలి గుర్తులు

గాలిమీటరు కొనవలసిన పని లేదు. సన్నని వెదురు పుల్లలకు జానెడు ఊలు దారం కట్టి, పెల్లెట్ ప్రయాణించే ఎత్తులో, ప్రతి రెండు లేన్ల మధ్య మూడు చోట్ల నాటితే చాలు: కాల్చే గీతకు రెండు మూడు మీటర్ల ముందు ఒకటి, సగం దూరంలో ఒకటి, టార్గెట్ దగ్గర ఒకటి. చాలామంది టార్గెట్ దగ్గరి దారాన్నే చూస్తారు. మీ దగ్గరి దారానికే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే మొదట్లోనే పక్కకు తోసిన పెల్లెట్ మిగిలిన దూరమంతా ఆ వంకరలోనే పోతుంది.

చెట్లు కూడా చెబుతాయి. కంటికి కనిపించే గుర్తులతో గాలి వేగాన్ని అంచనా వేసే బోఫోర్ట్ కొలమానం ప్రకారం ఆకులు గలగలమనేది గంటకు 6 నుంచి 11 కిలోమీటర్ల గాలి. ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతుంటే 12 నుంచి 19. దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. అయితే మామిడి ఆకు దళసరిది, ఆలస్యంగా కదులుతుంది. కొబ్బరి మట్ట చిన్న గాలికే చప్పుడు చేసి ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి దారాన్నే నమ్మాలి. దుమ్ము లేచే గాలి స్థిరపడితే మా దగ్గర కాగితం పోటీ ఆపేస్తాము. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగిస్తే ఆ పరిస్థితి సాధారణంగా రాదు.

భద్రత, చట్టం

4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉండి, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయినా కొన్న బిల్లు, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి, తుపాకీని సంచిలోనే తీసుకెళ్లాలి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ గ్రామ సర్పంచ్‌కూ ముందే ఒక మాట చెప్పాలి. పోటీ అయ్యాక పనిలో పనిగా కొండకు వెళ్లి దర్శనం చేసుకుందామనుకునేవారు రైఫిల్‌ను ఇంట్లో దించి వెళ్లాలి. తిరుమలకు ఆయుధాలు తీసుకుపోరాదు, అలిపిరి తనిఖీ దగ్గర సంజాయిషీ చెప్పుకోవడం ఎవరికీ మర్యాద కాదు.

లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అన్న నాలుగు ఆజ్ఞలు ఒక్కరే ఇవ్వాలి, ఆ ఒక్కరు ఆ విడతలో కాల్చకూడదు. గాలికి మాట వినిపించదు కాబట్టి ఈల కూడా ఉండాలి. అన్‌లోడ్ తర్వాత ప్రతి గొట్టంలోనూ రంగు ప్లాస్టిక్ తీగ దూర్చి, అందరికీ కనిపించాకే టార్గెట్ల వైపు ఎవరైనా నడవాలి. చూడవచ్చిన పిల్లలతో సహా అందరికీ కంటి అద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇడ్లీ పొట్లం విప్పకూడదు.

పోటీ నడిపే తీరు

గాలి రోజున పోటీని న్యాయంగా నడిపేవి రెండే విషయాలు, సమయమూ లేన్ల మార్పూ. అంతర్జాతీయ పోటీలో ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 గుండ్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే గుండుకు 75 సెకన్లు. మేము 10 గుండ్ల కార్డుకు (ఒక విడత టార్గెట్ కాగితానికి) 15 నిమిషాలు, ముందు సరిచూసుకునే గుండ్లకు మరో 5 నిమిషాలు ఇస్తాము. గాలి తగ్గేదాకా ఆగే వీలుండాలి. ఐదు నిమిషాల్లో పది గుండ్లు అంటే అదృష్టానికి బహుమతి ఇచ్చినట్టే. ఇక లేన్లు: మా మొదటి పోటీలో ఒకటో లేన్ నీళ్ల తొట్టి గోడ చాటున, నాలుగో లేన్ రెండు చెట్ల సందులో పడ్డాయి. నాలుగో లేన్ మిత్రుడు వరుసగా ఎడమనుంచి కుడికి కొట్టుకుపోయి ఆఖరున నిలిచాడు. రెండో కార్డుకు ఇద్దరినీ మార్చాక ఒకటో లేన్ వీరుడూ అలాగే కొట్టుకుపోయాడు. ఇప్పుడు ప్రతివారూ నాలుగు లేన్లలోనూ ఒక్కొక్క కార్డు కాల్చి, మొత్తం కూడుతారు.

గాలిలో కాల్చడం

సరిచూసుకునే ఐదు నిమిషాలను పదులు కొట్టడానికి వృథా చేయకండి. ఎక్కువసేపు కనిపించే గాలి ఏదో ముందు గుర్తించండి. ఉదాహరణకు దగ్గరి దారం నేలకు సగం వాలులో కుడివైపు నిలిచే గాలి. ఆ గాలిలో మూడు నాలుగు గుండ్లు కాల్చి, గుంపు ఎక్కడ పడిందో చూసి, అది టార్గెట్ నడిమధ్యలో పడేలా సైటును (రైఫిల్ మీద గురి చూసే పరికరాన్ని) మార్చుకోండి. ఇక ఆ పోటీ అంతా ఆ గాలి వచ్చినప్పుడే కాల్చాలి. గాలి పూర్తిగా పడిపోయిన క్షణం కోసం చూసేవారు ఎక్కువ, కానీ ఆ క్షణం అరుదు, ఎంతసేపుంటుందో తెలియదు. సైటు గాలికి సరిచేసి ఉంటే ఆ నిశ్చల క్షణమే గుండును రెండో వైపుకు తప్పిస్తుంది.

మా తోటలో బాగా కాల్చే ఒక పెద్దాయన పద్ధతి చెబుతాను. ఆయన రైఫిల్ భుజానికి ఆనించి, దారాన్ని ఓరకంట చూస్తారు. దారం లేచి వణుకుతుంటే వేలు ట్రిగ్గర్ మీదికి పోదు. దారం ఆయనకు కావలసిన వాలుకు దిగి, ఒక ఊపిరి పాటు అక్కడే నిలిస్తే కాలుస్తారు. ఎనిమిదో పదో సెకన్లు గడిచినా అది నిలవకపోతే రైఫిల్ దించి, కళ్లు మూసుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుతారు. ఒకసారి ఒక్క గుండుకు ఏడుసార్లు దించడం లెక్కపెట్టాను. కొత్తవారు ఎత్తిన తుపాకీని దించడం ఓటమిగా భావించి, వణుకుతున్న చేతితోనే మీట నొక్కేస్తారు.

తప్పిపోయిన గుండు వెంట సైటు తిప్పడం మరో పొరపాటు. ఒక గుండు ఏడుకు పోతే, అప్పుడు గాలి మీరు ఎంచుకున్నదేనా అని దారాన్ని తలచుకోండి. కాకపోతే సైటు ముట్టుకోవద్దు. గాలి కాసేపు మారి అలాగే ఉండిపోయి, సమయం అయిపోతుంటే మాత్రం, సైటు తిప్పకుండా గురినే ఒక వలయం పక్కకు పెట్టి కాల్చడం సులువు.

గొట్టం విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిళ్లతో ఇంకొక జాగ్రత్త అవసరం. గాలి తోపుకు మనం తెలియకుండానే రైఫిల్‌ను గట్టిగా బిగిస్తాము. స్ప్రింగ్ రైఫిల్ కాల్చే క్షణంలో ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి పట్టు మారితే గుండు పడే చోటు మారుతుంది. గాలి తప్పనుకున్నది సగం సార్లు పట్టు తప్పే. ఆపుకోలేనంత గాలి ఉంటే నిలబడే పోటీని మాని, కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కాల్చే పోటీగా మార్చి, టార్గెట్ల ఎత్తు తగ్గించడం మంచిది.

పెల్లెట్ల సంగతి. 10 మీటర్లకు చదునుతలవే వాడాలి, కాగితానికి గుండ్రని శుభ్రమైన చిల్లు పెడతాయి. 20 మీటర్లకు గుండుతలవి గాలికి తక్కువ జరుగుతాయి, కానీ చిల్లు అంచులు చిరుగుతాయి. గీతను తాకిన గుండుకు పై వలయం మార్కు ఇవ్వాలన్నది నియమం కాబట్టి, చిరిగిన చిల్లును ఇద్దరు కలిసి భూతద్దంతో చూసి తేల్చాలి, కాల్చినవారు దూరంగా ఉండాలి.

మార్కులు సమానమైతే, లేదా అందరూ సరదాగా ముగించాలనుకుంటే, ఆఖరున 15 మీటర్ల దూరంలో అట్టపెట్టె మీద మట్టి టీ కప్పులు వరుసగా పేర్చి, ఒక్కొక్కరికి ఐదు గుండ్లు ఇస్తాము. మొదట ప్రమిదలు పెడదామనుకుంటే తోట యజమాని గారి అమ్మగారు ససేమిరా ఒప్పుకోలేదు. కప్పు పగలకుండా చిల్లు పడినా తగిలినట్టే లెక్క, గాలికి పడిపోతే లెక్క కాదు. ఈ ముగింపు పెట్టుకునేవారు కప్పుల కింద గోనెపట్టా ముందే పరిచి, పెంకులన్నీ దానితో సహా మూటకట్టి తీసుకెళ్లాలి. సోమవారం ఆ చెట్ల కింద కలుపు తీయడానికి వచ్చేవారు చెప్పులు విడిచి పనిచేస్తారు.