ధనుర్మాసానికి ముందే పాత కారు పొగ గొట్టం చూసుకోండి

డిసెంబరు సగానికి వచ్చేసరికి కృష్ణ ఒడ్డున మంచు దిగుతుంది. ధనుర్మాసంలో తెల్లవారకముందే బెజవాడ నుంచి మంగళగిరి పానకాలస్వామి దగ్గరికి బయల్దేరేవాళ్లు కారు అద్దాలన్నీ ఎత్తేసి కూర్చుంటారు. ఆ వెంటనే సంక్రాంతి ప్రయాణాలు. మామూలు రోజుల్లో కిటికీలు బార్లా తెరిచి తిరిగే అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలలో పొగ లోపలికి వస్తున్నా తెలియదు. అద్దాలు మూసిన ఈ నెలన్నరలోనే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు మనుషుల మీద పనిచేస్తుంది. అందుకే నవంబరులోనే ఒక పూట కేటాయించి బండి వెనక వైపు చూసుకోమని అడుగుతున్నాను.

మాది 1986 మోడల్ అంబాసిడర్. పోయినేడు గుడికి వెళ్తుంటే తాడేపల్లి దాటకముందే వెనక సీట్లో ఉన్న అమ్మ "తల దిమ్ముగా ఉందిరా" అంది. పరగడుపున బయల్దేరాం, పైగా చలి, అందుకేలే అనుకున్నాం. తిరిగొస్తూ వారధి దిగగానే కారు ఆపించి వాంతి చేసుకుంది. ఇంటికొచ్చి వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ పెడితే 98 చూపించింది. హమ్మయ్య అనుకున్నాం. వరండాలో గంటసేపు కూర్చున్నాక అమ్మ తేరుకుంది. మరుసటి వారం మళ్లీ అదే వరస. ఈసారి ముందు సీట్లో ఉన్న నాకు, తమ్ముడికి కూడా తలనొప్పి. ఒకే బండిలో ఉన్న ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, దిగాక తగ్గిందంటే చలి కాదు, ఇంకేదో ఉందని అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం డిక్కీ తెరిచి కింది అంచు బీడింగ్‌ని, అంటే మూత బిగుతుగా పట్టేందుకు ఉండే రబ్బరు పట్టీని, తెల్లగుడ్డతో తుడిచాను. ఎడమ మూల దుమ్మే వచ్చింది. కుడి మూలకి వచ్చేసరికి కాటుకలాంటి మసి గుడ్డకి అంటుకుంది. వంగి చూస్తే టెయిల్ పైపు చివర బంపర్‌కి నాలుగు వేళ్లు లోపలే ఆగిపోయి ఉంది. వేసవిలో సైలెన్సర్ మార్పించాం, అప్పుడు వేసిన గొట్టం పొట్టిది. చప్పుడు తగ్గిందని సంతోషించామే తప్ప గొట్టం ఎక్కడిదాకా వచ్చిందో ఎవరమూ చూడలేదు.

బండి ముందుకి పోతుంటే పొగ వెనక్కి పోతుందనే అందరం అనుకుంటాం. కానీ కారు వెనక భాగం దాటగానే గాలి ఒత్తిడి పడిపోయి, సుడి తిరిగి మళ్లీ బండి వీపుకే వచ్చి తగులుతుంది. వానాకాలంలో డిక్కీ మూత మీద, వెనక అద్దం మీద బురద తుంపర ఎలా పేరుకుంటుందో గుర్తు తెచ్చుకోండి. బురదని తెచ్చిన గాలే పొగనీ తెస్తుంది. గొట్టం బంపర్ కిందే ఆగిపోతే ఇంకా సులువు. బంపర్‌కీ బాడీకీ మధ్య సందులోంచి పైకి పాకి, బీడింగ్ పక్కనుంచి, నంబర్ ప్లేట్ లైటు రంధ్రాల్లోంచి, టెయిల్ ల్యాంపుల వెనక ఎండి పగిలిన రబ్బర్లలోంచి డిక్కీలోకి చేరుతుంది. అక్కడి నుంచి వెనక సీటుకి చాలా పాత బండ్లలో అడ్డం ఉండేది ఒక అట్టముక్కే.

కాబట్టి గొట్టం చివర బంపర్ అంచు దాటి ఒకటి రెండు అంగుళాలు బయటికి రావాలి. మరీ పొడుగైతే ర్యాంప్ దిగేటప్పుడు నేలకి తగులుతుంది, డిక్కీ దగ్గర నిలబడ్డవాళ్ల కాలు కాలుతుంది. ఏ దిక్కుకి తిప్పాలన్నది మన ఇష్టం కూడా కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 112వ నియమం పొగని కిందికీ ఎడమవైపుకీ వదలకూడదంటుంది, వెనక్కి గానీ కుడివైపుకి గానీ పోవాలంటుంది. ఎడమవైపు ఫుట్‌పాత్ మీద మనుషులు నడుస్తుంటారు కదా. చివర కిందికి వంచిన క్రోమ్ మూతి అందంగా ఉంటుందని ఎవరైనా బిగించబోతే వద్దనండి. కిందికి కొట్టిన పొగ బండి అడుగున పరుచుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఫ్లోర్ కంతల్లోంచి పైకి వస్తుంది. వెనక చక్రం ముందే పక్కకి తేల్చే గొట్టం ఇంకా ప్రమాదం, అది సరిగ్గా వెనక కిటికీ కింద పొగ పెట్టినట్టే.

గొట్టం వేలాడే రబ్బర్లని కూడా, బండి చల్లారాక, చేత్తో ఊపి చూడండి. రబ్బరు తెగితే సరిగ్గా పెట్టిన గొట్టం కూడా జారి మూతి కిందికి తిరుగుతుంది.

అయితే చివర బాగున్నంత మాత్రాన సరిపోదు, మధ్యలో ఎక్కడా కారకూడదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరు తడిగుడ్డ మడతపెట్టి గొట్టం మూతికి రెండు మూడు క్షణాలు అడ్డం పెడితే, ఇంకొకరు బానెట్ దగ్గర, పక్కల దగ్గర చెవి పెట్టి వినాలి. ఇంజిన్‌కి పొగ గొట్టం అతికే చోట ఉండే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరో, సైలెన్సర్ అతుకు దగ్గరో "తుస్స్" మని వినిపిస్తే అక్కడే లీకు. కారిన చోట మసి చార కూడా కనిపిస్తుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి దూరవద్దు. కారు కింద నిలబడి పనిచేసే గొయ్యి (పిట్) ఉన్న చోటికే తీసుకెళ్లండి. లీకుకి పుట్టీ పూసి పంపిస్తామంటే ఒప్పుకోకండి, అది వేడికి రాలిపోతుంది. వెల్డింగ్ చేయించాలి, లేదా ముక్క మార్పించాలి.

ఇక లోపలి కంతలు. రాత్రిపూట ఒకరు డిక్కీ దగ్గర, ఫ్లోర్ కింద టార్చి వేస్తే, లోపల కూర్చున్నవాళ్లకి వెలుతురు కనిపించిన ప్రతిచోటా పొగకి దారి ఉన్నట్టే. పెడళ్ల దగ్గర రబ్బర్లు, బానెట్‌లోంచి వైర్లు లోపలికి వచ్చే రంధ్రాలు, మ్యాట్ కింద తుప్పు పట్టిన రేకు, అన్నీ చూడాలి. బీడింగ్ పట్టు తెలియాలంటే కాగితం ముక్క పెట్టి మూత వేసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే ఆ చోట రబ్బరు చచ్చిపోయింది. అన్నీ మూశాక కూడా మాడిన నూనె వాసన వస్తుంటే సైలెన్సర్‌ని తిట్టకండి, ఇంజిన్ లోపలి నూనె ఆవిరిని తీసుకెళ్లే బ్రీదర్ గొట్టం ఊడిందేమో చూడండి.

గాలి ఎటు తిరుగుతోందో కళ్లారా చూడాలంటే ఊలు దారం చాలు. జానెడు ముక్కలు పదో పన్నెండో కత్తిరించి డిక్కీ అంచునా, వెనక అద్దం చుట్టూ, బంపర్ పైనా టేపుతో అతికించాం. తమ్ముడు కారు నడుపుతుంటే నేను వెనక బైక్ మీద వెళ్లాను. నలభై స్పీడు దాటగానే బంపర్ పైన అతికించిన ఎర్ర దారాలు వెనక్కి ఎగరాల్సింది పోయి, డిక్కీ మూతకి అంటుకుని పైకి పాకాయి. ఏ మూల బీడింగ్ మార్చాలో, గొట్టం ఎంత బయటికి లాగాలో ఆ దారాలే చెప్పాయి.

నడిపేటప్పుడు వెనక కిటికీలు మాత్రమే దించితే లోపలి గాలి బయటికి లాగబడి, ఆ లోటు డిక్కీ వైపు నుంచి పొగతో నిండుతుంది. దించితే ముందువి కూడా దించండి. ముందు తలుపు త్రికోణపు అద్దం కొంచెం తెరిస్తే అదీ గాలిని బయటికే లాగుతుంది, పూర్తిగా తిప్పి ఎదురుగాలికి పెడితేనే లోపలికి తోస్తుంది. పండక్కి బియ్యం మూటలు వేసుకుని డిక్కీ మూత సగం తెరిచి తాడుతో కట్టి నడపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రెండు ట్రిప్పులు వేయండి, లేదా సామాను పైన క్యారియర్ మీద కట్టండి.

చలిలో చోక్ (ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి స్టార్ట్ చేసినప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ మరీ ఎక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ వేడెక్కాలని పది నిమిషాలు ఆన్ చేసి వదలకండి. మీ గొట్టం మూతి వాచ్‌మన్ గది వైపు ఉందేమో ఒక్కసారి చూడండి, అక్కడ పసిపిల్లలు పడుకుని ఉంటారు. స్టార్ట్ కాగానే మెల్లగా బయటికి తీయండి.

భారత్ స్టేజ్ పొగ ప్రమాణాలు రాకముందు నాటి పెట్రోల్ కారుకి ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, పొగలో 3 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది. 3 శాతమంటే పది లక్షల్లో 30,000 భాగాలు. మనం పీల్చే గాలిలో 800 భాగాలుంటే చాలు, ముప్పావుగంటలో తల తిరిగి వికారం పుడుతుంది, రెండు గంటల్లో స్పృహ తప్పుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వాసన రాలేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోకూడదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటుని అది ఆక్రమిస్తుంది. ఆక్సీమీటర్ దాన్ని కూడా ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది. అమ్మకి 98 చూపించింది అందుకే. గర్భిణులకి, కడుపులో బిడ్డకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. ఎవరికైనా తలనొప్పి, వికారం, వేళకాని నిద్రమత్తు కనిపిస్తే ఇంజిన్ ఆపి అందరూ దిగిపోండి. తేరుకోకపోతే 108కి ఫోన్ చేసి, కారు పొగ పీల్చారని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. రక్తపరీక్ష చేసి ఆక్సిజన్ పెట్టాలంటే ఆ మాట వాళ్లకి తెలియాలి.

పనులన్నీ అయ్యాక, అంకె చూపించే కార్బన్ మోనాక్సైడ్ మీటర్ ఒకటి కొని వెనక సీటు మీద పెట్టండి. పెద్దవాళ్లు ఇద్దరే ఎక్కి, అద్దాలు ఎత్తి, పావుగంట నడపండి. కాసేపు ట్రాఫిక్‌లో ఆగండి కూడా. అంకె పెరగడం మొదలైతే వెంటనే అద్దాలు దించి వెనక్కి రండి, ఇంకా ఎక్కడో కంత మిగిలింది. మాకు రెండోసారి టెయిల్ ల్యాంప్ రబ్బరు మార్చాకే మీటర్ సున్నా దగ్గర నిలిచింది. ఆ తర్వాతే అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టాం.