సరుగుడు లోడెత్తే ముందు ట్రాక్టరు, రంపం ఎలా చూసుకోవాలి?

రణస్థలం, పూసపాటిరేగ వైపు ఇసుక నేలల్లో సరుగుడు కోతలు మొదలైతే ట్రాక్టర్లకు తీరిక ఉండదు. బండి సంగతి పట్టించుకునేది అది మొరాయించాకే. లోడెక్కిన ట్రాలీ కింద దూరి చేయగలిగేదేమీ లేదు. చూడాల్సిందంతా ఖాళీగా ఉన్నప్పుడే చూడాలి.

ముందు బ్రేకులు. ట్రాక్టరుకు కుడికాలి వైపు రెండు బ్రేకు పెడళ్లుంటాయి. పొలంలో ఒక పక్క చక్రాన్నే ఆపి మడి చివర మలుపు తిప్పడానికి ఆ ఏర్పాటు. రోడ్డు మీద వేగంలో ఒక్కటే తొక్కితే బండి ఆ పక్కకు లాగేసి బోల్తా కొడుతుంది. రెంటినీ కలిపే గొళ్లెం అక్కడే ఉంటుంది. దమ్ము నుంచి వచ్చిన బండికి అది తీసే ఉంటుంది కాబట్టి, వేశాకే స్టార్టు చేయండి. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. వెనకున్న బరువంతా ట్రాక్టరే ఆపాలి. దిగుడులో మొదటి నుంచీ చిన్న గేరులోనే దిగాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేయడం కంటే తెలివితక్కువ పొదుపు మరొకటి లేదు.

తర్వాత ట్రాలీని తగిలించే పిన్ను. అరిగిందేమో, అడుగున క్లిప్పు ఉందేమో చూడండి. క్లిప్పు పోతే కట్టుతీగ చుట్టేయడం మన దగ్గర మామూలే, కానీ గతుకుల్లో ఆ తీగ ఎంతసేపు నిలుస్తుంది? కొత్త క్లిప్పు వేసి, పక్కన గొలుసు కూడా కట్టండి. చక్రాల నట్లు పానాతో బిగించి చూడండి. కొంత దూరం నడిచాక ఒక్క చక్రం హబ్బే (చక్రం నడిమి భాగం) మిగతావాటి కంటే వేడెక్కితే బేరింగు సంగతి చూడాలి. చాలాసార్లు గ్రీజు లేకే అలా అవుతుంది. చీకటి పడేలా ఉంటే వెనక లైట్లు, ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు తప్పనిసరి. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన లైట్లు లేకుండా ఆగిన ట్రాలీ వెనక వచ్చేవాడికి కనబడదు. లారీ అయితే బ్రేకుల గాలి ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదిలేయాలి.

ఇక మోటారు రంపం. సముద్రపు ఒడ్డు తోటల్లో దీనికి అసలు శత్రువు ఇసుక. చెట్టు మొదలు చుట్టూ ఇసుక తుడిచి కోయండి, గొలుసు నేలను తాకనివ్వకండి. ఒక్కసారి తాకినా పళ్లు మొద్దుబారతాయి. మొద్దు గొలుసుతో కోస్తే పొట్టుకు బదులు సన్నటి పొడి రాలుతుంది. అది కనబడగానే ఆకురాయి పట్టండి. రెండు స్ట్రోకుల ఇంజినుకు పెట్రోలులో ఆయిలు కలపాలి, సాధారణంగా లీటరుకు 20 మి.లీ. మీ రంపం పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే పాటించండి. వేడిగా ఉండగా పెట్రోలు పోయకండి. గొలుసు తిరిగే పట్టీ ముక్కుతో కోయకండి, రంపం ముఖం మీదికి ఎగిరి తంతుంది. గొలుసును ఆపే బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ చూడండి.

కర్ర పేర్చేటప్పుడు బాడీ దాటి పొడుచుకు రానివ్వకండి. దీనికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 20,000 రూపాయల జరిమానా ఉంది. కుదుపులకు దుంగలు సర్దుకుని తాళ్లు వదులవుతాయి, కొద్ది దూరం పోయాక ఆపి మళ్లీ బిగించండి. కూలీలను లోడు మీద ఎక్కించుకోవద్దు.

దించే చోట తాడు విప్పేముందు దుంగలు ఏ పక్కకు ఒరిగాయో చూడండి. ఆ పక్క ఎవ్వరూ ఉండకూడదు, విప్పేవాడు సైతం.