సర్వర్ ఖాళీగా ఉన్నా సర్వీసు నత్తనడక ఎందుకు? సీగ్రూప్ సమస్యలు - పరిష్కారాలు

లినక్స్ సర్వర్‌లో టాప్ కమాండ్ చూస్తే సీపీయూ ముప్పావు వంతు ఖాళీ. ఫ్రీ కొడితే ర్యామ్ బోలెడు. పేజీ మాత్రం తెరుచుకోదు. బ్రహ్మోత్సవాల ముందు తిరుపతి లాడ్జీల బుకింగ్ సర్వర్లకూ, తోతాపురి సీజన్‌లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల వేబ్రిడ్జి బిల్లింగ్‌కూ ఇదే వరస. అడ్మిన్ కోడ్‌ను తిడతాడు, డెవలపర్ ర్యామ్ పెంచమంటాడు. ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి వాటి సీపీయూ, ర్యామ్ వాడకానికి హద్దు పెట్టే లినక్స్ ఏర్పాటే సీగ్రూప్. ఆ సర్వీసు ప్రాసెస్ ఏ సీగ్రూప్‌లో ఉందో, ఆ గ్రూపుకు కెర్నల్ (ఓఎస్ కేంద్ర భాగం) ఎంత హద్దు పెట్టిందో ఇద్దరిలో ఒక్కరూ చూడరు.

ముందు ఇది చూడండి, తర్వాతే మిగతాది

/ప్రాక్/పీఐడీ/సీగ్రూప్ ఫైలును (పీఐడీ అంటే ప్రాసెస్ నంబరు) క్యాట్ చేయండి. వచ్చిన దారిని /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ కింద వెతికి ఆ డైరెక్టరీలోకి వెళ్లండి. అక్కడి సీపీయూ.మ్యాక్స్, మెమరీ.మ్యాక్స్, పిడ్స్.మ్యాక్స్ చదవండి, ఇవి వరసగా సీపీయూ, ర్యామ్, ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దులు. అక్కడితో ఆగితే సగం పనే. పై డైరెక్టరీలన్నిట్లోనూ అవే ఫైళ్లు చూడాలి, ఎందుకంటే తాత గ్రూపుకు పెట్టిన హద్దు మనవడికీ వర్తిస్తుంది. కింద ‘మ్యాక్స్’ అని ఉంది కాబట్టి హద్దే లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. (ఇక్కడ చెప్పేదంతా సీగ్రూప్ రెండో వెర్షన్ గురించి. ఉబుంటు 22.04లో అదే డిఫాల్ట్.)

ప్రాసెస్ ఉన్నట్టుండి చచ్చిపోతోంది

డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టా) ‘మెమరీ సీగ్రూప్ అవుట్ ఆఫ్ మెమరీ’ అనే లైను ఉంటే మెషీన్‌కు ర్యామ్ కొనకండి, నిండింది గ్రూపు. మెమరీ.ఈవెంట్స్‌లో ఊమ్_కిల్ (మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌ల) అంకె పెరిగి ఉంటుంది. మెమరీ.కరెంట్ హద్దుకు దగ్గరగా ఉండటం మాత్రం జబ్బు కాదు. ఫైల్ క్యాష్ కూడా అందులోనే లెక్క, అవసరమైతే కెర్నల్ దాన్ని వదిలేస్తుంది. మెమరీ.స్టాట్‌లో యానాన్ (ప్రాసెస్‌ల సొంత మెమరీ), షెమ్ (పంచుకునే మెమరీ) చూడండి. షెమ్ పెద్దగా ఉంటే చాలాసార్లు /డెవ్/షెమ్‌లో ఎవరో ఫైళ్లు పడేసి వెళ్లారన్నమాట. రాసిన ప్రాసెస్ ముగిసినా ఆ బరువు గ్రూపు మీదే ఉంటుంది, స్వాప్ లేకపోతే కదలదు. ఫైళ్లు తీసేస్తే సరి.

చావదు, కానీ ఆగి ఆగి నడుస్తుంది

అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. సీపీయూ.మ్యాక్స్‌లో ‘200000 100000’ అని ఉందనుకోండి. ప్రతి 100 మిల్లీసెకన్లకు (దీన్నే పీరియడ్ అంటారు) 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయం, అంటే రెండు కోర్ల పాటి కోటా. మెషీన్‌కు 8 కోర్లు, సర్వీసుకు 8 వర్కర్ థ్రెడ్లు. ఒక్కోదానికి 40 మిల్లీసెకన్ల పనున్న రిక్వెస్టులు ఎనిమిది ఒకేసారి వచ్చాయి. ఎనిమిది థ్రెడ్లూ కలిసి 25 మిల్లీసెకన్లలోనే 200 ఖర్చు చేసేస్తాయి. మిగిలిన 75 మిల్లీసెకన్లు కెర్నల్ గ్రూపు మొత్తాన్ని ఆపేస్తుంది. తర్వాతి పీరియడ్‌లో ఇంకో 15 పట్టి, 40లో అయ్యే పని 115 దగ్గర తేలుతుంది. ఇలాంటి గుంపు సెకనుకు ఒకటే వస్తే సగటు వాడకం 0.32 కోరు, అంటే హద్దులో 16 శాతం. గ్రాఫ్‌లో ఆ 16 శాతం చూసి ‘సీపీయూ సమస్య కాదు’ అని తేల్చేస్తారు.

అలిపిరి దగ్గర దర్శనం టోకెన్లూ ఇంతే. ఎనిమిది కౌంటర్లు తెరిస్తే కోటా తొందరగా అయిపోతుంది, పెరగదు. అయిపోయాక కౌంటర్లు ఖాళీ, బయట జనం మాత్రం తర్వాతి కోటా కోసం కూర్చునే ఉంటారు. టాప్ చూపించేది ఆ ఖాళీ కౌంటర్లనే.

పట్టుకోవడానికి సీపీయూ.స్టాట్ ఒక్కటి చాలు. ఎన్ఆర్_పీరియడ్స్ (గడిచిన పీరియడ్లు), ఎన్ఆర్_థ్రాటిల్డ్ (వాటిలో గ్రూపును ఆపేసినవి) అంకెలు రాసుకోండి, లోడు ఉన్నప్పుడే ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. మొత్తాన్ని కాదు, థ్రాటిల్డ్ తేడాను పీరియడ్స్ తేడాతో భాగించాలి. వందలో ఐదారు పీరియడ్లు ఆగుతున్నా వినియోగదారుడికి తెలిసిపోతుంది. ఎంతసేపు ఆపారో చెప్పే థ్రాటిల్డ్_యూసెక్ మైక్రోసెకన్లలో ఉంటుంది. పాత వెర్షన్‌లోని థ్రాటిల్డ్_టైమ్ నానోసెకన్లు, రెండూ కలిపి చదివి కంగారుపడొద్దు.

పక్క సర్వీసుల మీద పడకుండా చూడటమే ఉద్దేశమైతే, ఈ హద్దు తీసేసి, సీపీయూను వాటాలుగా పంచే సీపీయూ.వెయిట్ వాడండి. డిఫాల్ట్ 100, 1 నుంచి 10000 వరకు ఇవ్వొచ్చు, పోటీ ఉన్నప్పుడే పని చేస్తుంది. హద్దు తప్పదంటే, కెర్నల్ 5.14 నుంచి సీపీయూ.మ్యాక్స్.బరస్ట్ ఉంది. దాంట్లో 200000 రాస్తే ఖాళీ పీరియడ్లలో మిగిలిన కోటా అంతవరకు జమ అవుతుంది. పై లెక్కలోని 320 మిల్లీసెకన్ల పని ఆగకుండా 40లో ముగుస్తుంది. బరస్ట్ విలువ కోటాను మించకూడదు.

థ్రెడ్లనూ చూడండి. 64 కోర్ల మెషీన్‌లో హద్దు సంగతి తెలియని రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ను నడిపించే భాగం) 64 కోర్లకు సరిపడా థ్రెడ్లు లేపుతుంది. అవన్నీ ఒకేసారి లేస్తే రెండు కోర్ల కోటా 3 మిల్లీసెకన్లకే హుష్. గో 1.25 నుంచి ఈ హద్దును తానే చూసుకుంటుంది. జావాతో ఇంకో మెలిక ఉంది: పాత సీగ్రూప్‌ను 8యూ191 నుంచే చదివినా, రెండో వెర్షన్‌ను చదవడం 15లో వచ్చింది, పాత శాఖల్లో 11.0.16, 8యూ372లకు దక్కింది. ఓఎస్ మార్చి జావాను అలాగే ఉంచితే నిన్నటిదాకా బాగున్న సర్వీసు ఇవాళ తడబడుతుంది.

మార్పులను సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీతో చేయండి, రెండు కోర్లకు సీపీయూకోటా 200%. చేత్తో ఎకో చేసినవి రీస్టార్ట్‌తో పోతాయి, ‘నిన్న సరిచేశాం కదా’ అనే ఫోన్లకు సగం కారణం ఇదే.

‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్’

కొత్త ప్రాసెస్ పుట్టనప్పుడు వచ్చే ఈ సందేశం కాలేజీ ల్యాబ్ సర్వర్లలో ఎక్కువ. పిడ్స్.మ్యాక్స్ ప్రాసెస్‌లతో పాటు థ్రెడ్లనూ లెక్కపెడుతుంది. పిడ్స్.ఈవెంట్స్ అంకె కదిలితే సిస్టమ్‌డీలోని టాస్క్స్‌మ్యాక్స్ పెంచండి. కదలకపోతే యూలిమిట్ (యూజర్ వారీ హద్దు) చూడండి. విద్యార్థి ఫోర్క్ బాంబు (ఆగకుండా తన నకళ్లు పుట్టించే ప్రోగ్రామ్) పేల్చాడా, పెంచొద్దు. అతని గ్రూపులోని సీగ్రూప్.కిల్‌లో 1 రాయండి.

‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’

సబ్‌ట్రీ_కంట్రోల్‌లో (పిల్ల గ్రూపులకు ఏ హద్దులు పెట్టొచ్చో చెప్పే ఫైలు) రాసేటప్పుడు వస్తే ఆ గ్రూపులో నేరుగా ప్రాసెస్‌లు కూర్చుని ఉన్నాయి. వాటిని పిల్ల గ్రూపులోకి పంపి మళ్లీ రాయండి. గ్రూపును తీసేసేటప్పుడు వస్తే లోపల ప్రాణమున్న ప్రాసెస్ గానీ పిల్ల గ్రూపు గానీ ఉంది. ఆర్ఎమ్ -ఆర్ఎఫ్‌తో కుస్తీ వద్దు, ఖాళీ చేసి ఆర్ఎమ్‌డిర్ కొట్టండి.

5.4 కంటే పాత కెర్నళ్లలో కోటా మిగిలి ఉండగానే ఆపేసే బగ్ ఒకటి ఉండేది. ఇంకా అదే నడుపుతుంటే ముందు కెర్నల్ మార్చండి.