ఒకే బండి మీద ఇద్దరూ: థాయ్‌లాండ్ మే హాంగ్ సాన్ ఘాట్ రోడ్లకు ప్లాన్ వేసుకోవడం ఎలా?

థాయ్‌లాండ్ ఉత్తరాన చియాంగ్ మైలో బయల్దేరి కొండల్లో తిరిగి మళ్లీ అక్కడికే చేరే మే హాంగ్ సాన్ రూటు దాదాపు 600 కిలోమీటర్లు. మలుపులు 1,864 అని అక్కడివాళ్ల లెక్క. ట్రాఫిక్ మనలాగే ఎడమవైపు నడుస్తుంది, రోడ్డు చాలావరకు మంచి తారు రోడ్డు. పరాయి దేశంలో మొదటిసారి బండెక్కే జంటకు ఇది చక్కగా సరిపోతుంది. కాకపోతే ప్లాన్ మొత్తం వెనక కూర్చునే మనిషి ఓపికను బట్టి వేయాలి. నడిపేవాళ్లకు మలుపు ముందే కనిపిస్తుంది, చేతిలో హ్యాండిల్ ఉంటుంది. వెనకున్నవాళ్లకు ఆ రెండూ లేవు, కాబట్టి ముందు అలిసిపోయేది వాళ్లే.

వెళ్లాల్సింది నవంబరు నుంచి జనవరి దాకా. ఫిబ్రవరి చివర్లో పొలాలు, అడవులు తగలబెట్టడం మొదలై ఏప్రిల్ దాకా పొగ కమ్మేస్తుంది. కొండలు కనిపించవు సరికదా, ఊపిరాడదు. జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు, అక్కడక్కడా కొండచరియలు. నవంబరు మధ్యలో వెళ్తే ఖున్ యువామ్ దగ్గర డోయ్ మే ఉ ఖో కొండ నిండా పసుపుపచ్చని బువా టాంగ్ పూలు చూడొచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే చలి గట్టిగా ఉంటుంది, ఇద్దరికీ జాకెట్లు, గ్లవ్స్ ఉండాల్సిందే.

కాగితాల్లో ముందు చూసుకోవాల్సింది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. మీ లైసెన్సులో ఎంసీడబ్ల్యూజీ, అంటే గేర్ల బండి, ఉంటేనే ఇది పనికొస్తుంది. ఆర్టీవోలో ఫారం 4ఏ, పాస్‌పోర్టు, లైసెన్సు ఇచ్చి 1,000 రూపాయలు కడితే ఏడాది చెల్లే పర్మిట్ ఇస్తారు. చేతికి రాగానే లోపల మోటార్‌సైకిల్‌కి సంబంధించిన 'ఏ' గడిలో ముద్ర పడిందో లేదో చూడండి. కారు గడి ఒక్కటే ముద్రించి ఉంటే అక్కడ మీరు లైసెన్సు లేనట్టే లెక్క. వీలైతే ఇద్దరూ తీసుకోండి, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు నడపొచ్చు. 2024 జూలైలో భారతీయులకు 60 రోజుల వరకు వీసా లేకుండా రానిచ్చే ఏర్పాటు చేశారు. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైటు చూడండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో నింపొచ్చు.

ఇక ఇన్సూరెన్స్. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. అద్దె బండికి ఉండే 'ఫోరోబో' అనే తప్పనిసరి బీమా మనుషుల గాయాలకు కొంత వరకే ఇస్తుంది, బండి దెబ్బతింటే పైసా రాదు. మన ట్రావెల్ పాలసీలు చాలావాటిలో టూవీలర్ ప్రమాదాలు అసలు ఉండవు. ఉన్నా సరైన లైసెన్సు, హెల్మెట్, ఇన్ని సీసీల లోపు అని షరతులు పెడతారు. ఫోనులో ఏజెంటు 'అన్నీ కవర్ అవుతాయి సార్' అంటే ఒప్పుకోకండి; పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చదవండి. మీరు తీసుకోబోయే బండి సీసీ చెప్పి, నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ వర్తిస్తుందని ఈమెయిల్‌లో రాయించుకోండి. రక్తంలో మద్యం పరిమితి అక్కడ 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. అది మనకంటే ఎక్కువే అనుకుని ఒక్క బీరు తాగినా క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది.

బండి విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. చియాంగ్ మైలో 125 సీసీ స్కూటర్ రోజుకు సుమారు 250–350 భాట్లకే దొరుకుతుంది. అది ఒక్కరికి చాలు. ఇద్దరి బరువు, 12–15 కిలోల సామాను వేసి కొండెక్కిస్తే ఆయాసపడుతుంది, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. 300–500 సీసీ బండి, వెడల్పు సీటు, వెనక పట్టుకోవడానికి రాడ్, సైడ్ బాక్సులు ఉన్నది తీసుకోండి. డిపాజిట్ కింద ఒరిజినల్ పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకండి. జిరాక్సు, నగదు డిపాజిట్ తీసుకునే షాపులు బోలెడు ఉన్నాయి. తాళం తీసుకునే ముందు బండి చుట్టూ వీడియో తీసి గీతలు, సొట్టలు షాపువాళ్లకు చూపించండి. బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో, టైరు గాడి అరిగిందో, చైను వదులుగా ఉందో చూడండి. చైను గార్డు దగ్గర ఉండే స్టిక్కర్లో ఇద్దరికి చెప్పిన గాలి వేరే ఉంటుంది, వెనక టైరుకు అంతే పెట్టించండి. హెల్మెట్లు మాత్రం ఇంటి నుంచే ఫుల్ ఫేస్‌వి తీసుకెళ్లండి. అద్దెకిచ్చేవి చాలావరకు పలచటి డిప్పలు. సామాను బరువును వెనక చక్రం ఇరుసుకు వెనక్కి వేలాడదీస్తే ముందు చక్రం తేలిపోతుంది; బరువైనవి బాక్సుల అడుగున పెట్టండి.

చాలామంది ముందు పాయ్ అనే ఊరి వైపు వెళ్తారు. జంటగా వెళ్లేవారు దానికి ఎదురు దిశలో తిరిగి, పాయ్‌ని చివర్లో పెట్టుకోవడం మేలు. పాయ్‌కి వెళ్లే 1095 రోడ్డులో మలుపులు ఇరుకు, టూరిస్టు వ్యాన్లు ఎక్కువ. కొత్త బండి మీద మొదటి రోజే అది వద్దు. దక్షిణంగా 108 నంబరు రోడ్డు పట్టుకుంటే చోమ్ థాంగ్, హాట్ దాకా దాదాపు 90 కిలోమీటర్లు చదును. బండి చేతికి అలవాటవుతుంది. తర్వాత కొండ మొదలై ఓబ్ లువాంగ్ లోయ పక్కగా మే సారియాంగ్, మొత్తం సుమారు 190 కిలోమీటర్లు. రెండో రోజు ఖున్ యువామ్ మీదుగా మే హాంగ్ సాన్, 165 దాకా. మూడో రోజు అక్కడే ఆగండి. సామాను గదిలో వదిలేసి బర్మా సరిహద్దు దగ్గరి యునాన్ చైనీయుల ఊరు బాన్ రక్ థాయ్‌కి తేలిక బండితో వెళ్లొస్తే ఇద్దరికీ ఒళ్లు తేరుకుంటుంది. నాలుగో రోజు పాయ్, 110 కిలోమీటర్లే అయినా దారంతా మెలికలు. మధ్యలో సోప్పాంగ్ దగ్గర థామ్ లాడ్ గుహ ఉంది. పాయ్‌లో ఒక రోజు ఉండి ఆరో రోజు చియాంగ్ మై, 130. ఒక రోజు అదనంగా ఉంచుకోండి. పొద్దున 8కి బయల్దేరి 4 లోపు గది చేరాలి, చలికాలంలో 6కే చీకటి.

ముప్పావు గంటకోసారి ఆగండి, నొప్పి వచ్చాక కాదు. వెనకున్నవాళ్లు మలుపులో నడిపేవారి లోపలి భుజం మీదుగా చూస్తే ఒళ్లు దానంతటదే సరిగ్గా వాలుతుంది. భయంతో ఎదురువైపు ఒరిగితే బండి వెడల్పుగా పోయి ఎదుటి లేనులో పడుతుంది. దిగుడులో ముందుకు జారకుండా ఒక చేయి ట్యాంకుకు ఆనించాలి, రెండో చేయి రాడ్ మీద. చున్నీ, వేలాడే పట్టీలు చైనులో చిక్కుకుంటాయి, వద్దే వద్దు. రెండు హెల్మెట్లకూ బ్లూటూత్ ఇంటర్‌కామ్ పెట్టించుకుంటే 'ఆగుదాం' అనే మాట అరవకుండా అందుతుంది.

దిగుడులో ఎక్కేటప్పుడు వాడిన గేరే వాడండి. ఆటోమేటిక్ స్కూటర్ అయితే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోయి ఇంజిన్ బండి వేగాన్ని అదుపు చేయడం మానేస్తుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే మళ్లీ పట్టుకుంటుంది. బ్రేక్ లివర్ మెత్తగా లోపలికి పోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగినట్టు. పక్కకు తీసి అరగంట చల్లారనివ్వండి, డిస్కు మీద నీళ్లు పోయకండి.

బంకులు ఊళ్లలోనే ఉంటాయి, సగం ట్యాంకు తగ్గగానే నింపండి. ఇథనాల్ కొంత కలిసిన పెట్రోలు గ్యాసోహాల్ 91 లేదా 95 చాలు, ఇథనాలే ఎక్కువగా ఉండే ఈ85 పోయించొద్దు. మాంసం తినని వాళ్లు పసుపు జెండా మీద ఎర్రటి 'జే' గుర్తున్న హోటళ్లు వెతకండి. మామూలు చోట్ల కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ 'నాంప్లా' పడుతుంది.

పడిపోతే ముందు ఇద్దరూ రోడ్డు పక్కకు రండి, బండి సంగతి తర్వాత. అంబులెన్సు 1669, టూరిస్టు పోలీసు 1155. ఆసుపత్రికి వెళ్లేలోపే బీమా కంపెనీకి ఫోను చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి.

ఇవన్నీ ఇంటి దగ్గరే ఒకసారి పరీక్షించాలి. అవే హెల్మెట్లు, అంతే సామానుతో రెండు రోజులు శ్రీశైలం ఘాట్ రోడ్డో, విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకో వెళ్లండి. రెండో రోజు పొద్దున వెనక కూర్చున్నవారిని 'ఇవాళ ఇంకెంత దూరం?' అని అడిగి, వాళ్లు చెప్పిన అంకెనే థాయ్‌లాండ్‌లో రోజు దూరంగా పెట్టుకోండి. అది 100 అయితే మొదటి రోజు దూరాన్ని హాట్‌లో, రెండో రోజుది ఖున్ యువామ్‌లో ఆపి ఒక్కో రాత్రి గది తీసుకోండి.