చెరకు పిప్పి నుంచి సిట్రిక్ ఆమ్లం: ఎక్కడ తప్పానో తెలిసింది

చిత్తూరు దగ్గరి బెల్లం గానుగ నుంచి తెచ్చిన చెరకు పిప్పితో సిట్రిక్ ఆమ్లం తీయాలని తిరుపతిలోని మా ప్రయోగశాలలో మూడు నెలలు తంటాలు పడ్డాను. పిప్పిని సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి పీచును పట్టి ఉంచే లిగ్నిన్ తీసేశాను. సెల్యులేజ్ ఎంజైము సెల్యులోజును గ్లూకోజుగా విడగొట్టింది. ఆ గ్లూకోజును సిట్రిక్ ఆమ్లంగా మార్చాల్సిన బూజు, ఆస్పర్జిల్లస్ నైగర్, ఏపుగా పెరిగింది. ఆమ్లం మాత్రం నామమాత్రం.

ఆ ఏపే అసలు జబ్బని ఆలస్యంగా తెలిసింది. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూస్తే బూజు పొడవాటి పోగులుగా అల్లుకుని, ద్రవం గంజిలా చిక్కబడి ఉంది. ఆమ్లం బాగా ఇచ్చే బూజు సగ్గుబియ్యంలా గట్టి చిన్న గుండ్లు కడుతుంది. మాంగనీసు లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా చాలు, బూజు ఆమ్లం సంగతి వదిలేసి ఒళ్లు పెంచుకుంటుంది. పిప్పిలోనూ, నేను వాడిన బోరు నీళ్లలోనూ ఆ లోహం ఉంది.

అందుకే గ్లూకోజు ద్రావణాన్ని లోహ అయాన్లను పట్టేసే కాటయాన్ రెసిన్ గుండా పంపాను. గాజుసామాను ఆమ్లంతో కడిగి స్వేదనజలం వాడాను. రెసిన్ బూజుకు కావలసిన మెగ్నీషియాన్ని కూడా లాగేస్తుంది, దాన్ని శుద్ధమైన లవణంగా మళ్లీ కలపడం మరవొద్దు. తక్కువ పీహెచ్ ఈ బూజుకు అనుకూలమని అమెరికా రసాయన శాస్త్రవేత్త జేమ్స్ కరీ 1917లోనే చూపాడు. నేనూ 3 దాటనివ్వలేదు. పీహెచ్ బాగా పెరిగితే సిట్రిక్‌కు బదులు ఆక్సాలిక్ ఆమ్లం వస్తుంది.

ఐదో రోజుకు గుండ్లు కట్టాయి. ఆమ్లం ఎంతుందో కొలుద్దామని బ్యూరెట్టులోంచి క్షారం వదిలితే, ఆమ్లమంతా తీరి ఫినాఫ్తలీన్ గులాబీ రంగు తేలేసరికి బ్యూరెట్టు దాదాపు ఖాళీ అయింది.