వైద్యం అందక తిరిగే మనిషికి తోడుగా నిలవడం ఎలా?

జబ్బు చేసిన మనిషి ఆసుపత్రి గడప దాకా వెళ్ళి, వైద్యం అందకుండానే వెనుదిరిగే సందర్భాలు చాలా ఉంటాయి. ఒకచోట డబ్బు కట్టలేదంటారు, ఒకచోట కాగితం లేదంటారు, మరోచోట రేపు రమ్మంటారు. అలాంటి వేళ పక్కన నిలబడి, తనకు న్యాయంగా రావలసిన వైద్యాన్ని ఆ మనిషే అడిగి పొందేలా సాయపడదలచిన వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ పనికి వైద్యం చదివి ఉండనక్కరలేదు, న్యాయవాది కానక్కరలేదు. ఓపికగా వినగలగాలి, జాగ్రత్తగా రాసుకోగలగాలి, మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలకుండా ఉండగలగాలి.

అడిగే మనిషి తల దించుకోవలసిన పని లేదన్న నమ్మకం ముందుగా తోడు వెళ్ళేవారికి ఉండాలి. జాతి, మతం, రాజకీయ విశ్వాసం, ఆర్థిక, సామాజిక స్థితి అనే భేదం లేకుండా, అందుకోగలిగినంత మేలైన ఆరోగ్యం ప్రతి మనిషికీ మౌలిక హక్కు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి చెబుతోంది. 1946లో ఆమోదం పొందిన ఆ పత్రం 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం కూడా ఈ హక్కునే గుర్తించింది. కౌంటర్ దగ్గర ఈ అధికరణాలు చదివి వినిపిస్తే పని జరగదు. అయినా అవి ఉన్నాయని తెలిసిన మనిషి మాట్లాడే తీరులో ఒక నిబ్బరం ఉంటుంది.

మొదటి అడుగు: వినండి, అనుమతి తీసుకోండి

సాయం చేయాలన్న తొందరలో మనం చేసే మొదటి పొరపాటు, ఆ మనిషికి ఏం కావాలో మనమే తేల్చేయడం. పెద్ద ఆసుపత్రికి మార్పించాలని మనకు అనిపించవచ్చు. ఆమెకు మాత్రం తన జబ్బు ఏమిటో ఎవరైనా అర్థమయ్యేలా చెబితే చాలని ఉండవచ్చు. కాబట్టి ‘మీకు ఏం జరిగితే పని అయినట్టు?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని వారి మాటల్లోనే రాసుకోండి. వారి తరఫున ఎవరితో మాట్లాడవచ్చు, ఏ విషయం ఎవరికి చెప్పకూడదు అన్నది ముందే తేల్చుకోండి. వీలైతే రెండు వాక్యాల అనుమతి పత్రం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోండి. కొన్ని జబ్బుల సంగతి ఇంట్లోవారికి తెలియడమే రోగికి ప్రమాదం కావచ్చు.

రెండవ అడుగు: తలుపు ఎక్కడ మూసుకుపోయిందో కనుక్కోండి

‘వైద్యం అందలేదు’ అనే ఒక్క మాట వెనుక ఎన్నో వేర్వేరు అడ్డంకులు ఉంటాయి. ఆరోగ్య హక్కును వివరిస్తూ 2000లో ఐక్యరాజ్యసమితి సంఘం వెలువరించిన 14వ సాధారణ వ్యాఖ్య నాలుగు కొలతలు పెట్టింది: సేవ అసలు ఉండాలి, అది అందరికీ అందుబాటులో ఉండాలి, రోగి గౌరవానికీ సంస్కృతికీ తగినట్టు ఉండాలి, నాణ్యంగా ఉండాలి. అందుబాటు అంటే దూరం ఒక్కటే కాదు. ఖర్చు భరించగలగడం, సమాచారం తెలియడం, వివక్ష లేకపోవడం కూడా అందులో భాగమే. మందు లేకపోవడం, మందు ఉండీ ఇవ్వకపోవడం, ఇచ్చినా ఎలా వాడాలో చెప్పకపోవడం మూడు వేర్వేరు సమస్యలు. మొదటిదానికి అడగవలసింది సరఫరా చూసే అధికారిని, రెండవదానికి ఆ విభాగం బాధ్యుణ్ణి, మూడవదానికి ఎదుట కూర్చున్న వైద్యుణ్ణి.

మూడవ అడుగు: ఒక నోటు పుస్తకం పెట్టండి

ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది దీని మీదే అని నా అభిప్రాయం. పేజీకి ఆరు గడులు గీయండి: తేదీ, సమయం, ఎవరిని కలిశాం, ఏమి అడిగాం, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు. ఉదాహరణకు ఒక పేజీ ఇలా ఉండవచ్చు: ‘4వ తేదీ, ఉదయం 9.40. స్కానింగ్ గది ముందు నర్సు. స్కాన్ ఎప్పుడని అడిగాం. యంత్రం పాడైంది, సోమవారం రండి అన్నారు.’ దాని కింద: ‘8వ తేదీ, సోమవారం, ఉదయం 9.15. అదే గది. యంత్రం పని చేస్తోంది. జాబితాలో పేరు లేదన్నారు.’ ఈ రెండు వరుసలు పక్కపక్కన చూసినవారికి సమస్య యంత్రానిది కాదని, పేరు నమోదు కాకపోవడమని వెంటనే తెలుస్తుంది. జ్ఞాపకం మీద ఆధారపడి ‘ఎన్నోసార్లు తిప్పారు’ అని చెబితే అవతలివారు కొట్టిపారేస్తారు. తేదీ, సమయం చెబితే రికార్డు తీయక తప్పదు. కోపంతో రాయకండి. విన్న మాటను విన్నట్టే రాయండి, మన అనుమానాన్ని దానికి కలపకండి.

చీటీలు, పరీక్షల రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, బిల్లులు తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచండి. అసలు ప్రతులు రోగి దగ్గరే ఉండాలి. మనం నకళ్ళు మాత్రమే పెట్టుకోవాలి.

నాలుగవ అడుగు: రోగి నోట మాట పలికేలా సిద్ధం చేయండి

వైద్యుడి ఎదుట కూర్చోగానే చాలామందికి నోరు పెగలదు. ముందు రోజే కూర్చుని, తప్పక అడగవలసిన మూడు ప్రశ్నలు ఎంచుకోండి. పది ప్రశ్నలు పట్టుకెళితే ముఖ్యమైనది చివరికి మిగిలిపోతుంది. మీరు వైద్యుడిగా నటించి ఒకటి రెండుసార్లు అడిగించి చూడండి. గదిలో రోగికి కాస్త వెనుకగా కూర్చుంటే వైద్యుడి చూపు రోగి మీదే ఉంటుంది. మీ వైపు తిరిగి ‘ఈవిడకు ఎన్నాళ్ళ నుంచి?’ అని అడిగితే, మీరు జవాబు చెప్పకుండా ఆమె వైపు తిరగండి. మాట ఆమె దగ్గరికి చేరుతుంది. బయటికి వచ్చాక ‘డాక్టరు గారు ఏం చెప్పారు?’ అని ఆమెనే తిరిగి చెప్పమనండి; తడబడిన చోట సందేహం ఉన్నట్టే, మళ్ళీ లోపలికి వెళ్ళి అడగాలి.

భాష తెలియని చోట అనువాదకుణ్ణి ఇవ్వమని అడగండి. ఇంట్లోని పిల్లల చేత అనువాదం చేయించడం సరికాదు. తల్లి రోగం గురించిన కఠినమైన మాటను బిడ్డ నోటితో చెప్పించడం ఇద్దరికీ అన్యాయం, పైగా తప్పులు దొర్లుతాయి.

ఐదవ అడుగు: రాతపూర్వకంగా అడగండి

నోటి మాటతో పని కానప్పుడు అర్జీ పెట్టండి. ఒక పేజీ దాటనక్కరలేదు. ఏం జరిగిందో తేదీలతో మూడు నాలుగు వాక్యాలు, ఏ నియమం ప్రకారం రావాలో ఒక వాక్యం, ఏం కావాలో ఒక వాక్యం, ఎప్పటిలోగా జవాబు ఆశిస్తున్నారో ఒక వాక్యం చాలు. ‘తగిన చర్య తీసుకోగలరు’ అని రాస్తే ఏ చర్యా లేకుండా దస్త్రం మూసేయవచ్చు. ‘నా పేరు స్కాన్ జాబితాలో చేర్చి, తేదీని రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అని రాస్తే చేశారో లేదో తేలిపోతుంది. సంతకం రోగిదే కావాలి. రెండవ ప్రతి మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి.

ముందు ఆ విభాగం బాధ్యుణ్ణి, తరువాత ఆసుపత్రి పై అధికారిని, ఆపైన ఫిర్యాదుల విభాగాన్ని, అక్కడా కాకపోతే బయటి నియంత్రణ సంస్థను గానీ హక్కుల సంఘాన్ని గానీ ఆశ్రయించండి. ఫిర్యాదులకు, అప్పీళ్ళకు, ముఖ్యంగా బీమా తిరస్కరణలకు గడువులు ఉంటాయి. తిరస్కరణ లేఖ అందిన రోజే ఆ గడువు తేదీని నోటు పుస్తకం అట్ట మీద రాయండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఈ వరుస పాటించకండి: అక్కడున్న అత్యున్నత అధికారిని వెంటనే కలవండి, రాత తరువాత.

ఆరవ అడుగు: ఒకరి కష్టం అందరిదైతే

నాలుగైదు నోటు పుస్తకాల్లో ఒకే గది, ఒకే కారణం మళ్ళీ మళ్ళీ కనిపిస్తే అది ఒక్క రోగి సమస్య కాదు. మంచి వైద్యం దాని అవసరం ఎక్కువగా ఉన్నవారికే తక్కువగా దొరుకుతుందని బ్రిటిష్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ‘విలోమ సంరక్షణ నియమం’ పేరుతో రాశారు. అలాంటి చోట రోగులను ఒకచోట కూర్చోబెట్టడం మన పని. దక్షిణాఫ్రికాలో 1998లో మొదలైన ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్, హెచ్‌ఐవీతో జీవిస్తున్న సామాన్యులకు వైరస్ గురించి, మందుల గురించి, చట్టం గురించి నేర్పింది; వారే తిరిగి ఇతరులకు నేర్పారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశాన్ని తగ్గించే నెవిరపిన్ మందును కొన్ని ఎంపిక చేసిన కేంద్రాలకే పరిమితం చేసిన ప్రభుత్వ విధానం మీద ఆ సంస్థ కోర్టుకు వెళ్ళింది. ఆ ఆంక్షలు తొలగించాలని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ విజయం వెనుక వాదించిన న్యాయవాదులు ఎంత ఉన్నారో, తమ జబ్బు గురించి తాము మాట్లాడగలిగిన మనుషులూ అంతే ఉన్నారు.

కొన్ని హద్దులు

ఏ మందు వాడాలో, ఏది మానాలో మనం చెప్పకూడదు. రోగి ఫొటోను గానీ కథను గానీ వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. ఒకసారి సరేనన్నా తరువాత వద్దంటే తీసివేయాలి. ఫలితం గురించి మాట ఇవ్వకండి, తోడు వస్తామన్న రోజున మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఇప్పటికే పలుచోట్ల మాట తప్పినవారిని చూసిన మనిషికి, చెప్పిన సమయానికి గేటు దగ్గర ఒకరు కనిపించడం చాలా పెద్ద విషయం.

చికిత్స మొదలయ్యాక కూడా ఒకటి రెండు వారాలు వాకబు చేయండి. మందులు క్రమంగా అందుతున్నాయా, ఫిర్యాదు చేసినందుకు ఎవరైనా చులకనగా చూస్తున్నారా అని అడగండి. అంతా సవ్యంగా ఉంటే నోటు పుస్తకాన్ని రోగి చేతికి ఇచ్చేసి, మన దగ్గరున్న నకళ్ళు కూడా అప్పగించండి. తరువాతి పరీక్ష తేదీని ఈసారి వారినే రాయమనండి. రాయడం రాకపోతే, ఇంట్లో ఎవరి చేత రాయించాలో వారినే ఎంచుకోమనండి.